శరత్కాలపు అడవి బాట: కమిటీ పెద్దలకొక విన్నపం

విద్యార్థి జీవితంలో తరగతి గదికి ఎంత స్థానం ఉన్నదో విహారయాత్రకూ అంత స్థానం ఉన్నదని పెద్దలు వార్షికోత్సవ ఉపన్యాసాలలో చెబుతూనే ఉంటారు. మన కళాశాలలో ఒకప్పుడు ఆ మాటకు విలువ ఉండేది. ప్రతి సంవత్సరం దసరా సెలవులు ముగిసిన తరువాత ఒక బృందం భద్రాచలం వైపు అడవికి వెళ్ళి వచ్చేది. 2023 తరువాత మాత్రం మన సూచన ఫలకం మీద కనిపిస్తున్న యాత్ర ఒక్కటే. తెల్లవారుజామున బస్సెక్కి హైదరాబాదు చేరడం, గోలకొండ, చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం చూడడం, సాయంత్రం ఒక వినోద ఉద్యానంలో గడిపి అర్ధరాత్రి దాటాక ఖమ్మంలో దిగడం.

గోలకొండను చూడవద్దని మేము అనడం లేదు. తానీషా ప్రభువు కాలంలో కంచర్ల గోపన్న బందీగా ఉన్న చెరసాల అక్కడ ఉన్నది. ఆ గోపన్న మన నేలకొండపల్లివాడు, పాల్వంచ పరగణాకు తహసీలుదారు. ఆయన ఉన్న చెరను చూడడానికి రెండు వందల కిలోమీటర్లు వెళ్ళే మనం, ఆయన శిస్తు వసూలు చేసిన పాల్వంచ అడవిని, అందులోని ఏళ్ళను, మన ముంగిట ఉన్నవాటిని, చూడకుండానే పట్టా పుచ్చుకొని వెళ్ళిపోతున్నాము. ఇది మాకు వింతగా తోస్తున్నది.

అడవి యాత్రను కమిటీ వారు ఎందుకు నిలిపివేశారో మాకు తెలియకపోలేదు. 2023 జులై చివరి వారంలో వెంకటాపురం మండలం వీరభద్రవరం దాపున, ముత్యాలధార జలపాతం చూడవచ్చిన సుమారు 80 మంది తిరుగుదారిలో వాగు పొంగడం వల్ల రాత్రివేళ అడవిలో చిక్కుకుపోయారు. జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం వారు వచ్చి దాటించవలసి వచ్చింది. అందరూ క్షేమంగా బయటపడినారు గాని, ఆ వార్త విన్న తల్లిదండ్రుల గుండెలు కుదుటపడడానికి చాలా కాలం పట్టింది. పిల్లల పూచీ మోస్తున్న పెద్దలు అటువంటి సమయంలో యాత్ర ఆపివేయడం సహజమే. ఆ నిర్ణయాన్ని తప్పు పట్టడానికి మేము కలం పట్టలేదు. ఆ నిర్ణయం వల్ల మూడు వానాకాలాలలో జరిగినదేమిటో చెప్పడానికి పట్టాము.

జరిగినది ఇది. కళాశాల యాత్ర ఆగిపోయింది గాని విద్యార్థుల యాత్ర ఆగలేదు. శ్రావణ మాసంలో, సరిగ్గా వెళ్ళకూడని సమయంలో, మోటారు సైకిళ్ళ మీద ముగ్గురేసి చొప్పున అబ్బాయిలు వెళుతున్నారు. ఇంట్లో ఒక మాట, వసతిగృహంలో మరొక మాట చెప్పి వెళుతున్నారు. ఫోనులో ఎవరో పెట్టిన చిత్రం చూసి ‘ఎవరికీ తెలియని జలపాతం’ కోసం వెళుతున్నారు. వెంట అధ్యాపకుడు లేడు, దారి తెలిసిన మనిషి లేడు, కట్టుకోవడానికి తాడైనా లేదు. ఇక అమ్మాయిలు అసలే వెళ్ళడం లేదు. కళాశాల యాత్ర అన్న ఒక్క గౌరవప్రదమైన తలుపు ఉన్నంత కాలం వారు కూడా అడవిని చూడగలిగారు. ఆ తలుపు మూసుకున్న నాటి నుండి అది వారికి పాఠ్యపుస్తకంలోని బొమ్మ. నిషేధం వల్ల ప్రమాదం తగ్గిందని కమిటీ పెద్దలు భావిస్తున్నట్లయితే, ఆ ప్రమాదం వారి కంటికి కనబడని చోటికి తరలిపోయిందని సవినయంగా మనవి చేస్తున్నాము.

మా వాదన క్లుప్తంగా చెప్పాలంటే, అడవి యాత్రను మళ్ళీ కళాశాల పేరనే జరపాలి. దానిని వానాకాలంలో గాక శరత్తులో జరపాలి. దానిలో విద్యార్థినులకు సమానమైన చోటు ఉండాలి. ఈ మూడింటిలో రుతువు సంగతి ముందుగా చెబుతాము. మిగిలిన రెండూ దాని మీదనే ఆధారపడి ఉన్నవి.

మన ప్రాంతపు జలపాతాలు ఏడాది పొడుగునా దూకే జీవనదుల మీద లేవు. అవి అడవి వాగులు కొండరాతి అంచు దాటే చోట్లు. వాజేడు మండలం చీకుపల్లి వద్ద ఉన్న బొగతనే తీసుకుందాము. ఆ వాగుకు నీరు వచ్చేది పైనున్న కొండల నుండి. అక్కడ కుండపోతగా వాన కురిసినప్పుడు ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉండవచ్చును. రాతి మీద కూర్చున్నవాడు ఎండ కాస్తున్నదనే అనుకుంటాడు, ఇంతలో నీరు ఎర్రబడుతుంది, చెత్తా చెదారం కొట్టుకు వస్తుంది, తరువాత అడుగు వేయడానికి సమయం ఉండదు. వచ్చేటప్పుడు మోకాటి లోతున దాటిన కాలువ పోయేటప్పుడు మెడ దాటుతుంది. ముత్యాలధార వద్ద 2023లో జరిగినది ఇదే. వాగులకు పెద్ద దిక్కైన గోదావరి సంగతి చెప్పనే అక్కరలేదు. భద్రాచలం వద్ద మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకు ఇస్తారు. 2022 జులైలో నీటిమట్టం 71 అడుగులు దాటింది. 1986 ఆగస్టులో 75.6 అడుగులకు చేరింది. ఈ రెండూ ఆషాఢ శ్రావణాల నాటి మాటలే.

ఆశ్వయుజం వచ్చేసరికి పరిస్థితి మారిపోతుంది. నైరుతి వానలు వెనుదిరుగుతాయి. వాగు తన గట్టులోకి తాను వస్తుంది. ఒండ్రు అడుగుకు చేరి నీరు తేరుకుంటుంది. ధార పలచబడుతుంది గాని ఆగదు. జులైలో బొగత వద్ద కనిపించేది పొగమంచూ ఎర్రనీళ్ళూ మాత్రమే. కార్తికంలో వెళ్ళినవారికి రాతి మెట్లు ఒకదాని తరువాత ఒకటి కనిపిస్తాయి, నీరు ఏ మెట్టు మీద చీలుతున్నదో, ఎక్కడ సుడి తిరుగుతున్నదో కనిపిస్తుంది. భూగోళ శాస్త్రం చదివే విద్యార్థికి ఇంతకన్న ఏమి కావాలి? వేసవిలో వెళితే ఉత్త రాయి మిగులుతుంది. కనుక ఏడాదిలో రెండు నెలలే ఈ యాత్రకు తగినవి, ఆ రెండు నెలలూ మన కళాశాల సెలవుల పట్టికకు అనుకూలంగానే ఉన్నవి.

గత కార్తికంలో మేము ఇరవై ఒక్కరం ఈ మాటను పరీక్షించి చూశాము. అది కళాశాల యాత్ర కాదు. ఇద్దరు అధ్యాపకురాండ్రు, ఒక అధ్యాపకులు సెలవు రోజులలో తమ సొంత పూచీ మీద మా వెంట వచ్చారు. మాలో తొమ్మిది మంది విద్యార్థినులు. ఉర్దూ విభాగం వారు పదకొండుగురు, తెలుగు విభాగం వారు పదిమంది. పాల్వంచ మీదుగా కిన్నెరసాని చేరి అక్కడ ఒక రాత్రి ఉండి, మరునాడు భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం దాటి వాజేడు వైపు వెళ్ళాము. దారి పొడుగునా గోదావరి ఒడ్డున వరద దిగిపోయిన ఒండ్రు నేలల్లో మిరప నారు నాటిన చేలు, తెల్లగా పూసిన రెల్లు, ఇళ్ళ ముందు గంపలలో సీతాఫలాలు.

ఈ సందర్భంలో ఒక చిన్న ముచ్చట చెప్పాలి. మా ఉర్దూ విభాగపు మిత్రుడొకడు మొదటి రోజు దినచర్య పుస్తకంలో పైన ‘ఖిజా’ అని శీర్షిక పెట్టుకున్నాడు. అక్టోబరు, నవంబరు అంటే వారి కవిత్వంలో ఖిజా, ఆకు రాలే కాలం, విరహానికీ వైరాగ్యానికీ పెట్టింది పేరు. ఆ రుతువు ఫారసీ కవిత్వంతో పాటు ఇరాను నుండి వచ్చింది. కాశ్మీరులో చినార్ చెట్లు ఎర్రబడి ఆకులు రాల్చేది ఆ మాసాలలోనే. తెలుగు విభాగం వారు దీనికి ఒప్పుకోలేదు. మనకు ఇది శరత్తు, తేట నీటికీ తెల్లని వెన్నెలకూ కాలం, ఆకు రాలేది శిశిరంలో గదా అన్నారు. నన్నయగారి భారతం అరణ్యపర్వంలో శరద్రాత్రుల వర్ణన దగ్గరనే నిలిచిపోయిందని మాలో ఒక అమ్మాయి గుర్తుచేసింది. బస్సు కిటికీలో నుండి చూస్తే అడవి ఇంకా పచ్చగానే ఉన్నది. టేకు, మద్ది, తునికి, ఒక్కటీ ఆకు రాల్చలేదు. మన టేకు మాఘ ఫాల్గుణాలకు గాని మోడు కాదు. మిత్రుడు చాలాసేపు బయటకు చూసి, కొట్టివేయకుండా, ఆ శీర్షిక పక్కనే ‘ఆకు రాలనిది’ అని ఉర్దూలో చేర్చాడు. రెండు భాషల కళాశాలలో మూడు సంవత్సరాలు ఒకే వరండాలో తిరిగాము. ఒకరి రుతువు ఒకరికి తెలియదని ఆ రోజు తెలిసింది. ఇటువంటి పాఠం ఏ వినోద ఉద్యానపు రంగులరాట్నం మీద దొరుకుతుందో మాకు తెలియదు.

కిన్నెరసాని పేరు తెలుగు విద్యార్థులకు కొత్త కాదు. విశ్వనాథ సత్యనారాయణగారు ‘కిన్నెరసాని పాటలు’ రాసినది ఈ ఏటి మీదనే. తాడ్వాయి కొండలలో పుట్టి బూర్గంపాడు దాపున గోదావరిలో కలిసే ఈ చిన్న నదికి పాల్వంచకు అవతల అడ్డుకట్ట కట్టి జలాశయం చేశారు. దాని నీరు పాల్వంచ థర్మల్ విద్యుత్ కేంద్రానికి పోతుంది. చుట్టూ ఉన్న అడవి 1977 నుండి అభయారణ్యం, విస్తీర్ణం సుమారు 635 చదరపు కిలోమీటర్లు. జలాశయంలో మొసళ్ళు ఉన్నవి. ఈ కడపటి వాక్యాన్ని కమిటీ పెద్దలు చదివి ఉలిక్కిపడకూడదని మనవి. మొసళ్ళు ఉన్న సంగతి ముందుగా తెలిసినవాడు నీటి దగ్గరికి పోడు. తెలియకుండా రహస్యంగా వెళ్ళినవాడే ఈతకు దిగుతాడు.

మేము గుడారాలు వేసినది అభయారణ్యపు హద్దుకు ఇవతల, అడిగి అనుమతి తీసుకున్న ఆవరణలో, నీటికి బాగా ఎగువన. వజూకు కావలసిన నీళ్ళు పగటివేళనే బిందెలలో పట్టి తెచ్చుకున్నాము. చీకటి పడిన తరువాత గట్టు దిగరాదని అధ్యాపకురాలు చెప్పిన మాటను ఎవరూ జవదాటలేదు. కార్తికం కనుక మా తెలుగు మిత్రులలో కొందరు మాంసం ముట్టరు. వారిని వేరే పంక్తిలో కూర్చోబెట్టడం ఇష్టం లేక అందరికీ ఖిచిడీ, ఖట్టా వండారు. ఖట్టా రుచి చూసి ఇది మా ఇంటి పచ్చిపులుసుకు అక్కగారని ఒకరంటే, కాదు చెల్లెలని మరొకరన్నారు. ఆ తగవు ఇంతవరకు తేలలేదు. ఇషా నమాజు అయిన తరువాత అమ్మాయిలు రాతి మీద రెండు కార్తిక దీపాలు పెట్టారు. పున్నమికి ఇంకా రెండు రోజులున్నది. అధ్యాపకులు టార్చి వేసి చూపించినప్పుడు దూరాన నీటి మీద రెండు ఎర్రని చుక్కలు మెరిశాయి. అవి కదలకుండా ఉండి, మెల్లగా మునిగిపోయాయి. ఆ తరువాత ఎవరికీ నీటి దగ్గరికి పోవద్దని చెప్పవలసిన అవసరం రాలేదు.

‘దాగిన జలపాతం’ అనే మాట గురించి కొంచెం చెప్పాలి. ఈ మధ్య యువకులను వానలో అడవులకు లాగుతున్నది ఆ మాటే. బొగత కూడా చాలా కాలం అలాగే దాగి ఉన్నదని అంటారు. ఎవరి నుండి దాగి ఉన్నది? చీకుపల్లి వారి నుండి దాగలేదు. ఆ నీటి చప్పుడు వారికి పుట్టినప్పటి నుండి తెలుసు. గోదావరికి ఆ ఒడ్డున ఉండడం వల్ల రాజధాని వారు భద్రాచలం చుట్టి రావలసి వచ్చేది. 2016లో ఏటూరునాగారం దగ్గర వంతెన తెరిచిన తరువాత వరంగల్లు నుండి తిన్నగా దారి ఏర్పడింది, జనం రాసాగారు. వచ్చినవారు దానికి తెలంగాణ నయాగరా అని బిరుదు ఇచ్చారు. సుమారు ముప్పై అడుగుల ఎత్తున, వెడల్పుగా, తనంత తాను చక్కగా దూకే వాగుకు అమెరికా పేరు ఎందుకు తగిలించాలో మాకు అర్థం కాలేదు. బొగత అన్న పేరులో లోటేమున్నది?

బొగత చూపులకు వచ్చాక, ఇక దాగినదేదో కావాలని కొత్త తరం వారు ఇంకా లోపలికి పోతున్నారు. వెంకటాపురం, వాజేడు కొండలలో ఇది ఉత్త దుస్సాహసం. వాగుల సంగతి అలా ఉంచితే, 2025 ఏప్రిల్, మే మాసాలలో అక్కడి కర్రెగుట్టల మీద భద్రతాదళాల గాలింపు జరిగింది. గుట్టల మీద మందుపాతరలు ఉన్నవని, ఎక్కవద్దని గ్రామస్థులను హెచ్చరించిన ప్రకటనలు అందరూ చదివినవే. అటువంటి చోట బాట వదలి నడవడం ఎవరికీ తగదు. అందుచేత అందరికీ తెలిసిన జలపాతానికే, అటవీశాఖ వారు రుసుము పుచ్చుకొని పంపే దారిలోనే వెళ్ళాలని మా అభిప్రాయం. మిత్రులలో కొందరికి ఇది చప్పగా తోచవచ్చు. బస్సును రోడ్డు మీదనే ఆపించి, గ్రామం మీదుగా కాలినడకన వెళ్ళి చూడమని వారికి మా సలహా. వాహనంలో అయిదు నిమిషాలు పట్టే దూరం మాకు గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలోనే మేము నేర్చుకున్నది ఎక్కువ.

మాకు దారి చూపినవారు ఒక కోయ పెద్దాయన. వాగు ఒడ్డున ఒక నల్లని రాయి దగ్గర ఆగి, వానాకాలంలో ఈ రాయి తల మునిగితే మా ఊరివాళ్ళెవరూ అవతలికి పోరు బాబూ, గొడ్లను కూడా తోలం అన్నారు. ఆ రాయికి ఏ శాఖ వారూ రంగు వేయలేదు, అంకెలు రాయలేదు. దానిని చదవడం తెలిసినవారు దాని పక్కనే ఉన్నారు. జులైలో మోటారు సైకిలు మీద వచ్చేవాడు వారి ముందు నుండే దూసుకుపోతాడు, ఆగి అడగడు. కోయ భాషలో నీళ్ళను ఏరు అంటారని కూడా ఆయన వల్లనే తెలిసింది. మనం పారే వాగుకు వాడే మాట వారికి కడవలోని నీటికి కూడా పనికివస్తుంది. మా ఉర్దూ మిత్రులు ఆబ్‌షార్ అన్న మాటలో ఆబ్ అంటే నీరేనని చెప్పారు. ఆయన దానిని రెండుసార్లు పలికి చూసి నవ్వారు.

కోయ గూడేల మధ్య నుండి నడిచేటప్పుడు మన ప్రవర్తన ఎలా ఉండాలన్నది యాత్ర నియమాలలో రాయవలసిన అంశం. గతంలో కొన్ని యాత్రలలో మనుషులను నిలబెట్టి ఫొటోలు తీయడం, పిల్లలకు మిఠాయిలు విసరడం జరిగేదని విన్నాము. అది మర్యాద కాదు. వారు పోడు చేసుకొనే భూమి మీద హక్కు కోసం 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద దరఖాస్తులు పట్టుకొని తిరిగినవారు. కొత్తల పండుగ చేసి దేవతకు పెట్టనిదే కొత్త ధాన్యం నోట పెట్టనివారు. వారి వాకిట్లో మనం అతిథులం. 1940ల నాడు వియన్నాలో పుట్టిన హైమెన్‌డార్ఫ్ అనే పండితుడు ఈ గోదావరి కొండలలో నడిచి, కొండరెడ్ల మీద 1945లో పెద్ద గ్రంథం ప్రకటించాడు. అంత దూరం నుండి ఆయన రాగలిగాడు. ఖమ్మంలో ఉన్న మనకు ఒక పగలు ప్రయాణం బరువైపోయింది.

మరొక మాట. మేము తెచ్చిన ప్లాస్టిక్ పళ్ళేలను మా అధ్యాపకురాలు సంచిలో నుండి బయటికి తీయనివ్వలేదు. గూడెంలో అడ్డాకు విస్తళ్ళు కొని వాటిలోనే భోజనం చేశాము. బొగత దగ్గర రాళ్ళ సందులలో ఇరుక్కున్న సీసాలూ పొట్లాలూ చూసిన తరువాత ఆమె పట్టుదలకు కారణం బోధపడింది.

కమిటీ వారు లేవదీయగల ఒక అభ్యంతరం అనుమతుల గొడవ. అది నిజమే. ఈ అడవి ఒకటే గాని కచేరీలు అనేకం. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడింది. భద్రాచలం, నూగూరు తాలూకాలు 1959లో తూర్పు గోదావరి నుండి వచ్చి దానిలో కలిశాయి. 2014లో భద్రాచలం పట్టణాన్ని మనకు ఉంచి చుట్టుపక్కల గ్రామాలను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చారు. 2016లో కొత్తగూడెం కేంద్రంగా భద్రాద్రి జిల్లా వచ్చింది, వాజేడు, వెంకటాపురం భూపాలపల్లి జిల్లాకు పోయాయి. 2019లో అక్కడి నుండి ములుగు జిల్లాకు మారాయి. కాబట్టి మా రెండు రోజుల యాత్ర మూడు జిల్లాల మీదుగా సాగింది. ఈ కాగితాల పని విద్యార్థులు విడివిడిగా చేయలేరు, చేయరు కూడా. కళాశాల ముద్ర ఉన్న ఒక్క ఉత్తరం ఉంటే అది వారం రోజుల పని. యాత్ర కళాశాల పేరనే జరగాలని మేము కోరడానికి ఇదొక ముఖ్య కారణం.

రెండవది జ్వరాల భయం. ఏజెన్సీ ప్రాంతంలో వానలు వెళ్ళిన తరువాతనే మలేరియా ఎక్కువ. దీనిని మేము తేలికగా తీసుకోము. దోమతెరలు, నిండు చేతుల దుస్తులు, తిరిగివచ్చిన తరువాత జ్వరం వస్తే వెంటనే రక్త పరీక్ష, ఇవి తప్పనిసరి. మేము ఇరవై ఒక్కరం దోమతెరలలోనే పడుకున్నాము, ఒకరికీ జ్వరం రాలేదు.

ఇక అసలు అభ్యంతరం, ఎవరూ సభలో పైకి అననిది, అమ్మాయిల విషయం. మా బృందంలోని ఒక విద్యార్థిని తల్లిగారు బయలుదేరే ముందు మూడు ప్రశ్నలు అడిగారు. వెంట ఎవరు వస్తున్నారు? రాత్రి ఎక్కడ పడుకుంటారు? ఏ గంటకు ఇంటికి చేరుస్తారు? అధ్యాపకురాలు స్వయంగా ఇంటికి వెళ్ళి మూడింటికీ సమాధానం చెప్పారు. ఆ తల్లి ఇంకొక మాట అడగకుండా, దారిలో తినడానికి డబ్బా నిండా రోటీలు కట్టి పంపారు. తొమ్మిది ఇళ్ళలో ఏడు ఇళ్ళలో ఇదే జరిగింది. మిగిలిన రెండు ఇళ్ళలో అన్నగారు కూడా తోడు వస్తేనే అన్నారు, వారూ వచ్చారు, వంటలో సాయం చేశారు. మన వీధులలోని తల్లిదండ్రులు ఒప్పుకోరని కమిటీ గదిలో కూర్చొని ఊహించడానికి బదులు, వెళ్ళి అడిగితే ఎంతమంది ఒప్పుకుంటారో ఈ పాటి అనుభవం చెబుతున్నది. అమ్మాయిలను వెనుక ఉంచి అబ్బాయిలను మాత్రమే పంపే యాత్ర అయితే మాకు వద్దు. అటువంటిది ఇప్పుడు రహస్యంగా జరుగుతూనే ఉన్నది.

వ్యయం సంగతి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అద్దె వాహనం, బియ్యం పప్పు, రుసుములు అన్నీ కలిపి మాకు ఒక్కొక్కరికి అయినది రాజధాని యాత్రకు కళాశాల వసూలు చేసిన దానిలో సగానికి లోపే.

కనుక కమిటీ పెద్దలను మేము కోరుతున్నది ఇది. రానున్న దసరా సెలవుల తరువాత, ఆశ్వయుజ బహుళంలో గాని కార్తికం మొదటి పక్షంలో గాని, రెండు రాత్రుల యాత్రకు అనుమతి ఇవ్వండి. బయలుదేరే ముందు మూడు రోజులలో ఎగువన వాన కురిసిందని తెలిస్తే నిలిపివేసే అధికారం వెంట వచ్చే అధ్యాపకులకు ఉంచండి, దానికి ఎవరూ అలగరు. నీటిలో దిగడం పూర్తిగా నిషేధించండి. ప్రతి పదిమందికి ఒక అధ్యాపకులు, విద్యార్థినుల వెంట ఇద్దరికి తక్కువ కాకుండా అధ్యాపకురాండ్రు ఉండేటట్లు చూడండి. ఆషాఢ శ్రావణాలలో వసతిగృహం నుండి అడవి వైపు వెళ్ళడాన్ని కట్టడి చేయండి. శరత్తులో దారి ఉన్నదని తెలిస్తే ఆ కట్టడిని విద్యార్థులే పాటిస్తారు.

పేర్లు ఇవ్వదలచిన వారి జాబితాను మేము గత మాసంలోనే ప్రారంభించాము. ఈ సంచిక అచ్చుకు పోయే నాటికి అందులో యాభై ఎనిమిది పేర్లు చేరాయి. వారిలో ఇరవై ఏడుగురు విద్యార్థినులు, పంతొమ్మిది మంది పేర్ల ఎదుట తల్లిదండ్రుల సంతకాలు కూడా ఉన్నవి. జాబితా గ్రంథాలయంలో, పత్రికల బల్ల పక్కన ఉన్న అలమారలో ఉన్నది. కమిటీ పెద్దలు ఎప్పుడు కోరినా తెచ్చి ముందుంచగలము.